పూచీ సీటు

ప్రయాణం 1,902

జలుబు. పొద్దున్నే మిరియాల కషాయం తాగి, ఇస్త్రీ చీర కట్టుకుని, అలవాటు ప్రకారం విమానం మెట్ల పక్కన నిలబడ్డాను. దిబ్బపాలెం జనం ఒక్కొక్కరే వచ్చి ఎప్పుడూ అడిగే మాటే అడిగారు.

"వస్తన్నారా అమ్మా?"

"వస్తన్నాను, పదండి" అనబోయి తుమ్మాను. మళ్లీ తుమ్మాను. వెనకాల కళ్లద్దాల మాస్టారు "అమ్మగారి కళ్లల్లో నీళ్లేంటి?" అన్నారు. అంతే, ముప్పై నాలుగు మంది వరుసలోంచి తప్పుకున్నారు. ధరల బోర్డు మీద మా 'అభయ' కంపెనీ టిక్కెట్టు తొమ్మిది వందల నుంచి ఏడు వందలకు జారింది. నా ముక్కుకి ఇంత విలువ ఉందని మా ఆయన బతికుండగా తెలిస్తే ఎంత బాగుండేది!

మొదటి సీటు సంచీలో ఉండే ఈ ప్రయాణాల పుస్తకం కొత్తగా చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. సముద్రం రైలు పట్టాల్ని మింగేసి, ఘాట్ రోడ్డు కొట్టుకుపోయాక, కిందున్న దిబ్బపాలెం నుంచి పైనున్న మంచుకొండకు విమానం తప్ప దారి లేదు. విమానాలకు పైలట్లూ లేరు, వాటంతటవే ఎగురుతాయి. మొదట్లో రెండు కూలిపోయాయి. ఆ తర్వాత కంపెనీలు ఎన్ని లెక్కలు చూపించినా జనం ఎక్కలేదు. అప్పుడు అభయ వాళ్లు ఈ పూచీ పద్ధతి పెట్టారు. విమానం బాగుందని సంతకం పెట్టే మెకానిక్కు రక్తసంబంధీకులు ఒకరు మొదటి సీట్లో కూర్చోవాలి. సంతకం కూడా అందరూ చూస్తుండగా, తలుపు దగ్గరే పెట్టాలి. మా మెకానిక్కు నా కొడుకు త్రినాథ్. ఆరేళ్లుగా ఆ సీట్లో నేనే. వరహాలమ్మ అన్న పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ పూచీ అమ్మనే.

త్రినాథ్ తలుపు దగ్గరికొచ్చి నన్నొకసారి చూసి సంతకం పెట్టాడు. పెట్టే ముందు పెన్ను కాసేపు ఆగింది. జలుబు చేసినందుకు లోపల తిట్టుకుంటున్నాడేమో అనుకున్నాను.

విమానం ఎగిరాక ఎడమ పక్క గుడగుడమని చప్పుడు. రాసి పెడుతున్నాను.

ప్రయాణం 1,909

ఇవాళ బుధవారం, పైడితల్లి వారం. రెండు బుట్టల ఎండు చేపలతో ఎక్కింది. మంచుకొండ సంతలో అమ్ముకుంటుంది. ఆ బుట్టలు సామాన్ల అరలో పెట్టినా వాసన ముందు సీటు దాకా వస్తుంది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ప్రతివారం అనే మాటే అన్నాను.

"ఏంటే, నెత్తళ్లా? ముక్కు పగిలిపోతంది."

"నెత్తళ్లే గాదు, కవళ్లు కూడా ఉన్నాయి. బాగా పీల్చమ్మా, జలుబు వదిలిపోద్ది" అంది నవ్వుతూ.

పక్క గేటులో తూనీగ కంపెనీ విమానం నాలుగు వందలకే తీసుకెళ్తుంది. చిన్న విమానం, సగం సీట్లు ఎప్పుడూ ఖాళీయే. అందులో పూచీ మనిషి లేడు. మాకు పెట్టే డబ్బులో సగం మిగుల్చుకోవచ్చు కదే అని ఒకసారి పైడితల్లితో అన్నాను. "ఎల్లొచ్చుగానమ్మా, ఆ తూనీగలో మాకెవులున్నారు?" అంది. ఆ మాటకి నేను పొంగిపోయాననే చెప్పాలి. ఇంటికెళ్లి త్రినాథ్‌కి రెండుసార్లు చెప్పాను.

ఎడమ పక్క చప్పుడు ఎక్కువైంది. దిగేటప్పుడు నా కాళ్లకింద నేల వణికింది. ప్రయాణికులు నా వైపు చూశారు. నేను కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాను. అమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటోందంటే ఏమీ కాదని వాళ్ల నమ్మకం.

ప్రయాణం 1,915

మేనేజరు కులశేఖర్ ఆఫీసుకు పిలిచాడు. మంచివాడే, మాట నున్నగా ఉంటుంది.

"అమ్మగారూ, ప్రకటన కోసం కొన్ని ఫొటోలు కావాలండి."

ఫొటోలంటే ఫొటోలు కాదు. తెల్లగదిలో నిలబెట్టి చుట్టూ కెమెరాలు తిప్పారు. నడవమన్నారు. ఎడమ మోకాలు నొప్పివల్ల కొంచెం ఈడ్చి నడుస్తాను, సరిగ్గా నడవబోతే "వద్దండీ, మీ నడకే కావాలి" అన్నారు. కళ్లద్దాలు పదిహేనుసార్లు తుడిపించారు. "వస్తన్నాను, పదండి" అని మూడు వందల సార్లు చెప్పించారు. రెండు వందల సార్లయ్యేసరికి ఆ మాటకు అర్థం ఏమిటో నాకే తెలియకుండా పోయింది. అరచేతుల వెచ్చదనం కూడా కొలిచారు. ఈ పుస్తకం పాత సంపుటాలన్నీ అడిగి తీసుకున్నారు.

"ఇవెందుకు బాబూ?"

"మీ చేతిరాత బాగుంటుందండి."

బాగుంటుందని నాకూ తెలుసు. అందుకే ఇంకేమీ అడగలేదు.

చివర్లో తీయటి కబురు చెప్పాడు. విమానం రిపేరుకు వెళ్తోందట, పది రోజులు జీతంతో సెలవు. ఆరేళ్లలో ఇదే మొదటి సెలవు. ఎడమ పక్క చప్పుడు బాగుచేస్తారన్నమాట, చెప్పినందుకు ఫలితం దక్కింది.

సెలవులో రెండో రోజు

ఇంకో పుస్తకంలో రాస్తున్నాను, ఆ పుస్తకం కంపెనీ దగ్గరే ఉంది.

బజారులో పైడితల్లి కనిపించింది. పలకరించబోతే అదే ముందు నిష్ఠూరమాడింది.

"ఏటమ్మా, నిన్న నామీద కోపమొచ్చిందేటి? బుట్టలు పట్టుకుని పక్కనుంచే ఎల్లాను, ఒక్క మాట అన్లేదు. నవ్వి ఊరుకున్నావు."

"నిన్నెక్కడే?"

"ఇమానంలో. ఇంకెక్కడ?"

విమానం రిపేరులో ఉంది కదా అన్నాను. పైడితల్లి నా వంక వింతగా చూసింది. బుధవారం మంచుకొండ వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చిందట. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మొదటి సీట్లో నేనే ఉన్నానట. నా చెయ్యి కూడా ముట్టుకుందట.

"వెచ్చగా ఉంది, జొరమేమో అనుకున్నాను. ఇంటికాడ పడుకో అమ్మా" అని వెళ్లిపోయింది.

కూరగాయల సంచీ అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాను.

సెలవులో ఆరో రోజు

త్రినాథ్‌కి చెప్పకుండా వెళ్లాను. విమానాశ్రయం కంచె బయట, సామాన్ల బండ్లు ఆగే చోట నిలబడితే మెట్లు కనిపిస్తాయి. తొమ్మిదింటికి నేను వచ్చాను.

ఇలా రాయడం తప్పని తెలుసు. కానీ చూసినప్పుడు నాకు అలాగే అనిపించింది. నా గోధుమరంగు చీర కట్టుకుని, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, నేను నడిచి వచ్చి మెట్ల పక్కన నిలబడ్డాను. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచాను. మాస్టారు ఏదో అడిగారు. గాలి ఇటువైపే వీస్తోంది, జవాబు స్పష్టంగా వినిపించింది.

"వస్తన్నాను, పదండి."

బొమ్మ అని బుద్ధికి తెలుసు. అయినా నా నోరు దానితోపాటే కదిలింది. రెండు చేతులా కంచె పట్టుకున్నాను. ఆ బొమ్మకు తుమ్ము రాదు, చిరాకు రాదు, మోకాలు నొప్పి లేకపోయినా నా నొప్పి నడకే నడుస్తుంది. బోర్డు మీద అభయ టిక్కెట్టు పదకొండు వందలు. నేనున్నప్పుడు ఎప్పుడూ అంత పలకలేదు. ఈ భయంలో కూడా అది చూసి నాకు కోపమొచ్చింది.

త్రినాథ్ తలుపు దగ్గరికి వచ్చాడు. దాని ముఖం చూసి సంతకం పెట్టాడు. పెన్ను ఎక్కడా ఆగలేదు.

విమానం పైకి లేస్తున్నప్పుడు ఎడమ రెక్క మొదట్లో సన్నగా వణకడం కంచె బయటనుంచే కనిపించింది. రిపేరు లేదు, ఏమీ లేదు.

సెలవులో ఏడో రోజు

మధ్యాహ్నం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. వంకాయకూర వాడికి ఇష్టం. రెండు ముద్దలు తిన్నాక అడిగాను.

"నిన్న ఎవరికి పూచీగా ఎవర్ని కూర్చోబెట్టావురా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"కంపెనీ మోసం చేసిందంటే నేను నమ్ముతాను. నీకు తెలీదని చెప్పు, అదీ నమ్ముతాను."

"నేనే అడిగానమ్మా" అన్నాడు త్రినాథ్.

నాకు సరిగా వినపడలేదనుకున్నాను.

"ఎడమ రెక్క దగ్గర కీలు అరిగిపోయింది. కొత్తది అడిగి ఏడు నెలలైంది. విమానం ఆపితే సీట్లన్నీ తూనీగకు పోతాయంటారు. సంతకం పెట్టకపోతే లైసెన్సు తీసేస్తామన్నారు. నువ్వు అందులో కూర్చుంటే నా చెయ్యి ఆడట్లేదమ్మా. అందుకే కులశేఖర్‌ని అడిగాను, మా అమ్మని మాత్రం దించెయ్యమని."

"మరి మిగతా నూట డెబ్బై మంది?"

"దాని ముఖం చూస్తూ సంతకం పెట్టడం తేలికమ్మా. ఎంత తేలికంటే నాకే భయమేసింది." కంచం పక్కకు తోసేశాడు. "తూనీగవాళ్ల విమానాలు కొత్తవి. కీళ్లు నెలనెలా మారుస్తారు. పూచీ మనిషికి పెట్టే డబ్బు సామానుకు పెట్టారు. అది చెప్పినా ఎవరూ నమ్మరు, వాళ్ల దగ్గర నువ్వు లేవు కదా."

కడుపుచించుకు పుట్టినవాడు నా ప్రాణం కోసం ఇంత పని చేశాడని ఒకవైపు కరిగిపోయాను. ఇంకోవైపు లాగి ఒకటి కొట్టాలనిపించింది. నన్ను చూసి నమ్మినవాళ్లని నా ముఖంతోనే చంపబోతున్నాడు. చేతులు కడుక్కుని, రేపు వేసుకోవడానికి పాత గుర్తింపు కార్డు వెతికిపెట్టాను.

ప్రయాణం 1,923

కార్డు ఇంకా పనిచేస్తోంది. సిబ్బంది గేటులోంచి పోయి అందరికంటే ముందే విమానం ఎక్కాను. మొదటి సీటు ముందర సంచీలో నా పుస్తకం ఉంది. తెరిచాను.

"ప్రయాణం 1,922. గాలి నిలకడగా ఉంది. పక్క సీటాయన గురకకు విమానమే సిగ్గుపడింది. అందరూ క్షేమం."

నా చేతిరాత. నేను వేసే హాస్యం. ఏడు రోజులకు ఏడు పేజీలు ఉన్నాయి, ఎక్కడా ఎడమ పక్క చప్పుడు లేదు.

మెట్ల దగ్గరికి పరుగెత్తాను. బొమ్మ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఎదురుగా వరుస. ఇంత దగ్గరగా దాన్ని చూడటం అదే మొదటిసారి. నా గడ్డం మీది పుట్టుమచ్చ, దాని మీది ఒక్క వెంట్రుక కూడా వదల్లేదు.

"ఎక్కకండి" అన్నాను. "ఇది బొమ్మ. ఎడమ రెక్క కీలు అరిగిపోయింది. మీ అందరికీ దండం పెడతాను, ఎక్కకండి."

నా గొంతు కీచుగా వచ్చింది. చెమటకు జాకెట్టు తడిసిపోయింది. జనం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. మాస్టారు ముందుకొచ్చారు. పిల్లల్ని పరీక్ష చేసినట్టు బొమ్మ ముందు నిలబడి, "వస్తన్నారా అమ్మా?" అన్నారు.

"వస్తన్నాను, పదండి" అంది బొమ్మ చిరునవ్వుతో.

నా వైపు తిరిగి అదే అడిగారు. నేను ఏడుస్తున్నాను. "రాను, మీరూ వెళ్లొద్దు" అన్నాను.

మాస్టారు తల పంకించారు. "ఆరేళ్లలో మన అమ్మగారు ఒక్కనాడైనా ఇలా గాభరా పడ్డారా? ఇదేదో తూనీగవాళ్ల పన్నాగం. చూడండి, చెమట కూడా పోయిస్తున్నారు."

అందరూ కదిలారు. బుట్టలతో వచ్చిన పైడితల్లితో సహా ఒక్కొక్కరూ బొమ్మ చెయ్యి తాకి లోపలికి వెళ్లారు. నా చెయ్యి ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకేం చెయ్యాలో తోచలేదు. లోపలికెళ్లి, బొమ్మ పక్కన రెండో సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. అది నా వైపు తిరిగి నవ్వింది, కొత్త ప్రయాణికుల్ని చూసి నేను నవ్వేలాగే. ఆ నవ్వు నాకు ధైర్యం చెప్పింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఒక్క క్షణం పాటు నిజంగానే చెప్పింది.

త్రినాథ్ కాగితం పట్టుకుని తలుపు దగ్గరికొచ్చాడు. మొదటి సీటు చూశాడు. రెండో సీటు చూశాడు. వాడి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"అమ్మా, నువ్వు దిగు" అన్నాడు చిన్నగా.

"నువ్వు సంతకం పెట్టు బాబూ. పెడితే అందరం వెళ్దాం" అన్నాను.

కులశేఖర్ వాడి వెనకే నిలబడ్డాడు. "త్రినాథ్ గారూ, ఆలస్యమవుతోందండి."

పెన్ను కాగితం మీద ఆనింది. ఆగింది. తర్వాత కిందపడింది.

"మా అమ్మ లోపలుంది. నేను పెట్టను."

వాడు నన్ను చూస్తూనే అన్నాడు. కానీ వెనక కూర్చున్న నూట డెబ్బై మందీ మొదటి సీటు వైపే చూశారు.

ఇంట్లో, సెలవు మొదలై ఇరవై ఒకటో రోజు

త్రినాథ్ లైసెన్సు పోయింది. కీలు సంగతి కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. ఉద్యోగం పోయిన కడుపుమంట అన్నారు.

అభయ కొత్త ప్రకటన గోడలనిండా ఉంది. నా ముఖం, కింద రెండు మాటలు: 'అమ్మకు అనుమానం వచ్చింది. విమానం ఆగింది.' ఇంత నిజాయితీ గల కంపెనీ ఇంకెక్కడుందని జనం మెచ్చుకుంటున్నారు. టిక్కెట్టు పధ్నాలుగు వందలు. అయినా సీట్లు దొరకడం లేదట. కొత్తగా సంతకం పెట్టే మెకానిక్కు నా తమ్ముడి కొడుకట. నాకు తమ్ముడు లేడు.

కీలు మాత్రం మార్చలేదు. ఆ విమానం రోజూ మా ఇంటి మీదుగా పోతుంది. ఎడమ పక్క చప్పుడు ఇప్పుడు వంటింట్లోకి వినిపిస్తోంది.

రేపు బుధవారం. పైడితల్లి వారం.

ప్రయాణం 1

తొమ్మిదింటికి ముందే గేట్ల దగ్గర నిలబడ్డాను. అభయ వరుస మందుల దుకాణం దాకా పాకింది. పైడితల్లి బుట్టలతో మధ్యలో ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. గార్డు నన్ను పట్టుకునేలోపు ఏం చెప్పాలి? కీలు సంగతి ఆ రోజే చెప్పాను, వినలేదు. ఇంతలో గాలి తిరిగి ఆ బుట్టల వాసన గుప్పున కొట్టింది. ఆలోచించకుండానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"ఛీ, ఏంటే ఇది? ముక్కు పగిలిపోతంది. కవళ్లు సరిగా ఎండబెట్టావా లేదా?"

పైడితల్లి అక్కడే ఆగిపోయింది. బుట్టలు నేలమీద పెట్టింది. నా దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని ఎత్తి చూసింది.

"మూడు వారాలయింది" అంది. "మూడు వారాలుగా నా బుట్టల్ని ఒక్క తిట్టు తిట్టలేదు ఆవిడ. ఏదో తేడాగా ఉందనుకుంటానే ఉన్నాను." కళ్లనిండా నీళ్లు. "ఆ రోజు నీ సెయ్యి ముట్టుకోలేదమ్మా నాను."

"అది సరే. తూనీగ ఎక్కు."

"తూనీగలో మాకెవులున్నారు?"

"నేనున్నాను. రెండు టిక్కెట్లు కొన్నాను."

వరుసలో వాళ్లకి కూడా వినపడేలానే అన్నాను. మాస్టారు అటు తిరిగి నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. బుట్టలు మోసుకుంటూ మేమిద్దరమే పక్క గేటుకు నడిచాం. తూనీగ మెట్లు ఇరుకు. కింద మెట్టు మీద పైడితల్లి ఆగింది.

"వస్తన్నావా అమ్మా?"

తూనీగ గురించి నాకు తెలిసిందల్లా త్రినాథ్ చెప్పిన మాట ఒక్కటే. ఇక్కడ నా కొడుకు సంతకం లేదు. మెట్ల కమ్మీ పట్టుకున్న నా చెయ్యి గడగడా వణుకుతోంది. దాచుకుందామన్నా ఆగలేదు. పైడితల్లి ఆ చేతినే చూసింది. నేను జవాబు చెప్పకముందే దాన్ని గట్టిగా పట్టుకుని, నన్ను లాక్కుంటూ ఎక్కింది.

దారిలో కిటికీలోంచి అభయ విమానం కనిపించింది. మాకంటే ముందు పోతోంది. ఎడమ రెక్క మొదట్లో ఇప్పుడు వణుకు కాదు, ఊపు. పైడితల్లి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నలభై నిమిషాలూ ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. పడకూడదని మొక్కుకున్నాను.

పడలేదు. క్షేమంగా దిగింది. మేం దిగేసరికి ఆ విమానం మెట్ల దగ్గర బొమ్మ నిలబడి ఉంది. మాస్టారితో సహా అందరూ దాని చెయ్యి తాకి, నవ్వుకుంటూ ఊళ్లోకి పోతున్నారు.

రేపు ఆ వరుస ఇంకా పొడుగవుతుంది.